మత్తు డాక్టర్ దగ్గర ఏదీ దాచొద్దు: ఆపరేషన్‌కి ముందు మన పని ఏంది, ఎందుకు

మా చిన్నమ్మకి గాల్ బ్లాడర్‌లో రాళ్లు. వాళ్లది ఆదోని పక్కన పల్లె, కర్నూలుకి తీసుకొచ్చి స్కానింగు, రక్త పరీక్షలు అన్నీ చేయించి, డేట్ తీసుకొని, ముందురోజు సాయంత్రమే అడ్మిట్ చేసినాం. పొద్దున 8 గంటలకి ఫస్ట్ కేసు ఆమెదే. ఏడున్నరకి గౌను తొడిగి స్ట్రెచర్ తెచ్చి పెట్టినారు, సిస్టర్ వచ్చి ఊరికే అడిగినట్టు "ఏమన్నా తిన్నారా అమ్మా, తాగినారా" అనింది. చిన్నమ్మ ఏ మాత్రం తడుముకోకుండా "యాడ తిన్యా తల్లీ, రాత్రి నుంచి కడుపులో ఏం లేదు, ఆరింటికి అర గ్లాసు టీ తాగినా అంతే" అనింది. అంతే, స్ట్రెచర్ ఖాళీగా వెనక్కి పోయింది. ఐదు నిమిషాల్లో మత్తు డాక్టర్ వచ్చి టీ ఎవరిచ్చినారని అడిగినాడు. మా చిన్నాయనే ఇచ్చినాడు, ఆసుపత్రి ఎదురుగా బంకులో తెచ్చి. "టీ తాగితే కూడు తిన్నట్టా సార్, నీళ్లే కదా" అన్నాడు పాపం.

ఆపరేషన్ వారం వెనక్కి పోయింది. రూము రెంటు, బస్సు చార్జీలు, పొలం పని వదులుకొని వచ్చిన ఇద్దరు మనుషులు, ఇదంతా లెక్కేసుకొని మా ఇంట్లో అందరూ ఆసుపత్రినే తిట్టినారు, అర గ్లాసు టీకి ఇంత చేస్తారా, బిల్లు పెంచుకోడానికే అని. నాకూ ఒక గంటసేపు కోపమొచ్చింది. తర్వాత ఆ మత్తు డాక్టర్‌నే పట్టుకొని కూర్చొని అడిగినా, ఇంటికొచ్చి కొంత చదువుకున్నా. అప్పుడర్థమైంది ఏందంటే, సర్జన్ ఎవరు, చెయ్యి మంచిదా కాదా అని మనం పదిమందిని అడిగి ఎంచుకుంటాం కానీ మత్తు ఇచ్చే డాక్టర్ పేరు డిశ్చార్జ్ అయినాక కూడా మనకు తెల్దు, అయినా ఆపరేషన్‌కి ముందు మనల్ని చేయమనే పనుల్లో ముక్కాలు భాగం ఆయన కోసమే. సర్జన్ కోసేది మనకి తెలిసిన చోట. మత్తు డాక్టర్ మాత్రం గుండె, ఊపిరి, బీపీ, షుగర్ అన్నీ రెండు గంటలపాటు తన చేతిలో పెట్టుకోవాల, అదీ మనం చెప్పిన మాటల్ని నమ్మి. ఆ మాటల్లో ఒక్కటి తప్పున్నా ఆయన గుడ్డిగా నడిచినట్టే. నేను డాక్టర్ని కాదు, మీ డాక్టర్ చెప్పింది ఇక్కడ రాసినదానికి తేడాగా ఉంటే ఆయన మాటే వినండి, కాకపోతే ఎందుకు చెప్తున్నాడో తెలిస్తే పాటించేది సులువు కదా అని రాస్తున్నా.

ముందు ఆ టీ సంగతి. మామూలుగా నిద్రలో గొంతులోకి ఏదన్నా జారితే మనకి పొలమారుతుంది, దగ్గొచ్చి లేచి కూర్చుంటాం. ఫుల్ మత్తులో ఆ పొలమారేది ఉండదు. కడుపు పైన ఉండే మూత కూడా వదులైపోతుంది. అప్పుడు కడుపులో ఏమున్నా అది పైకి తన్నుకొచ్చి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, తిండి ముక్కలైతే గాలి దారి మూసేస్తాయి, పులిసిన నీళ్లైతే లోపలంతా కాల్చేస్తాయి ఎందుకంటే కడుపులో ఉండేది యాసిడ్. ఇది 1946లో మెండెల్సన్ అనే అమెరికా డాక్టర్ లెక్కలతో సహా రాసినాడు, న్యూయార్క్‌లో ఒక కాన్పుల ఆసుపత్రిలో 44,016 మంది కేసులు చూస్తే 66 మందికి మత్తులో ఉన్నప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయింది. శాతంగా చూస్తే చిన్న లెక్కే, కానీ ఆ చిన్న లెక్కలో మన మనిషి ఉంటే? ఇప్పుడు మందులూ పద్ధతులూ చాలా మెరుగైనాయి, ఈ ప్రమాదం బాగా తగ్గింది, కానీ తగ్గడానికి పెద్ద కారణం ఖాళీ కడుపుతో పంపించేదే.

సరే ఎన్ని గంటలు ఖాళీగా ఉండాల? ప్రపంచమంతా దాదాపు ఒకటే లెక్క. నూనె వేపుళ్లు, మటన్, బిర్యానీ లాంటి బరువు తిండి అయితే 8 గంటలు. ఇడ్లీ లాంటి తేలిక తిండి, అట్లనే పాలు అయితే 6 గంటలు. తల్లిపాలు తాగే బిడ్డకైతే 4 గంటలు. అడుగు కనపడేంత తేటగా ఉండే నీళ్లకి 2 గంటలు. ఇందులో మనవాళ్లు పడిపోయేది పాల దగ్గరే. పాలు చూడ్డానికి నీళ్లలాగున్నా కడుపులోకి పోయి విరిగి గడ్డ కడతాయి, అప్పుడవి తిండి కిందే లెక్క. మజ్జిగ, రాగి అంబలి, పండ్ల రసంలో గుజ్జు, ఇవన్నీ కూడా అంతే. యూరప్‌లో కొన్నిచోట్ల టీలో కాసిన్ని పాలు కలిసినా ఏమనరంట, కానీ వాళ్ల టీ అంటే నీళ్లలో రెండు చుక్కలు పాలు, మన బంకు టీ అంటే పాలల్లో రెండు చుక్కలు నీళ్లు, ఆ రెండూ ఒకటి కాదు. చిన్నమ్మ కేసులో ఆరింటికి తాగింది కాబట్టి మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగాల, ఆ సర్జన్‌కి ఆ రోజు థియేటర్ పదకొండు వరకే ఉండింది, అందుకే వారం పోయింది. ఇందులో ఎవరి కుట్రా లేదు.

ఇంకో సంగతి, నడుముకి సూది వేసి కాళ్లు మొద్దుబారేట్టు చేస్తారు చూడండి, స్పైనల్ అంటారు, అదైతే తినొచ్చు కదా మెలకువగానే ఉంటాం కదా అని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ సూది పనిచేయకపోయినా, మధ్యలో ఏదన్నా తేడా వచ్చినా అప్పటికప్పుడు ఫుల్ మత్తుకి పోవాల్సి రావొచ్చు, అందుకే దానికీ అదే ఉపవాసం. పనిలో పని, స్పైనల్ వేయించుకుంటే జీవితాంతం నడుము నొప్పి అని మా పల్లెలో ప్రతి ఆడమనిషీ చెప్తాది. కొందరికి కొన్ని రోజులు తలనొప్పి వచ్చేది నిజమే, సూది వేసిన చోట నొప్పి కూడా కొన్నాళ్లు ఉండొచ్చు, కానీ ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే నడుము నొప్పికి కూడా ఆ సూదినే తిట్టేది అన్యాయం.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది, అది ఆసుపత్రోళ్లు చేస్తారు. "రాత్రి 10 తర్వాత ఏమీ వద్దు" అని అందరికీ ఒకటే మాట రాసేస్తారు, ఎనిమిదింటికి ఉండే మొదటి కేసుకీ మధ్యాహ్నం రెండింటికి ఉండే ఆఖరి కేసుకీ. ఏప్రిల్ నెల కర్నూలు ఎండలో పదహారు గంటలు నీళ్లు లేకుండా ముసలోళ్లు పడుకొని ఉంటే నాలిక పిడచకట్టుకపోతుంది, నరం దొరకదు, షుగర్ ఉన్నోళ్లకి షుగర్ పడిపోతుంది. కాబట్టి ముందురోజు రాత్రే అడగండి: నాది ఎన్నో కేసు, ఎన్ని గంటలకి, నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చు. ఈ మూడు అడిగితే తిట్టే డాక్టర్‌ని నేనైతే చూడలేదు. పొద్దున వేసుకోమన్న మాత్ర ఉంటే ఒక గుక్క నీళ్లతో వేసుకోవచ్చు, దానికి భయపడి బీపీ మాత్ర మానేసి వచ్చేవాళ్లు ఉన్నారు. పిల్లల ఆపరేషన్లప్పుడైతే కాపలా కాయాల్సింది పిల్లలకి కాదు, వాళ్ల జేజికి. బిడ్డ ఏడుస్తాంటే ఆమె కొంగులోంచి బిస్కెట్ ఎప్పుడు బయటికొస్తుందో ఎవరికీ తెల్దు.

పొరపాటున తినేసినా తాగేసినా ఏం చేయాల? చెప్పేయాల. మా చిన్నమ్మ చెప్పింది, వాయిదా పడింది, ఇంట్లో అందరూ "చెప్పకుంటే అయిపోయేది" అన్నారు. ఆ మాటంత ప్రమాదమైన మాట ఇంకోటి లేదు.

ఇప్పుడు పీఏసీ. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ చేసే చెకప్, మనవాళ్లు "ఫిట్‌నెస్" అంటారు. రక్త పరీక్ష, షుగర్, కిడ్నీల కోసం క్రియాటినిన్, ఈసీజీ, ఎక్స్‌రే, వయసు ఉంటే టూడీ ఎకో అనే గుండె స్కానింగు, ఇవన్నీ చూసి ఆయన సంతకం పెడితేనే థియేటర్. చాలామందికి ఇదొక ఫార్మాలిటీ, సంతకం కోసం లైన్లో నిలబడేది. నిజానికి మన ప్రాణం చేతిలో పెట్టుకునే మనిషితో ఆ ప్రాణం గురించి మాట్లాడే ఐదు నిమిషాలు అవే. ఆయన నోరు తెరవమంటాడు, నాలిక బయటికి పెట్టమంటాడు, మెడ వెనక్కి వంచమంటాడు, పండ్లు కదుల్తున్నాయా అని చూస్తాడు. పంటి డాక్టర్ పని ఈయనెందుకు చేస్తున్నాడని అనుకోవద్దు. ఫుల్ మత్తులో ఊపిరి ఆడించేందుకు గొంతులోకి ట్యూబ్ వేయాల, నోరు తెరిస్తే లోపల ఎంత కనపడుతుందో దాన్ని బట్టి ఆ ట్యూబ్ సులువుగా పోతుందా లేదా అని అంచనా. ఆ అంచనాకి ప్రపంచమంతా వాడే పేరు మల్లంపాటి గ్రేడ్. అవును, మన ఆంధ్రా నుంచి అమెరికా పోయిన మత్తు డాక్టర్ శేషగిరి మల్లంపాటి 1985లో రాసిన పద్ధతి అది. ఏ దేశంలో ఏ ఆపరేషన్ జరిగినా కేస్ షీట్ మీద ఒక తెలుగు ఇంటిపేరు పడుతుంది, మనకే ఆ సంగతి తెల్దు.

ఈ నోరు తెరిచే దగ్గర మన జిల్లాల్లో పెద్ద సమస్య గుట్కా, వక్కపొడి. ఏండ్ల తరబడి దవడలో పెట్టుకునేవాళ్లకి లోపల చర్మం గట్టిపడి రెండు వేళ్లు కూడా పట్టనంతగా నోరు బిగుసుకుపోతుంది. అలాంటి మనిషికి మామూలుగా ట్యూబ్ వేయలేరు, ముక్కులోంచి కెమెరాతో వేయాల్సి రావొచ్చు, ఆ సామాన్లు అన్ని ఆసుపత్రుల్లో ఉండవు. ముందే తెలిస్తే ఏర్పాటు చేసుకుంటారు, మత్తు ఇచ్చినాక తెలిస్తే గోల. అట్లనే ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ, వెన్ను బిగుసుకపోయిన వాళ్లు అనంతపురం పక్క పల్లెల్లో ఉన్నారు, అలాంటి వెన్నులో స్పైనల్ సూది దూరేది కూడా కష్టమే. మెడ తిరగదు, నడుము వంగదు అంటే అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన మాటే.

మిగతాది మీరే నోరు తెరిచి చెప్పాల. ఇంతకు ముందు మత్తు తీసుకున్నప్పుడు ఏమన్నా ఇబ్బంది అయిందా, ఇంట్లో రక్తసంబంధీకులకి మత్తులో జ్వరం పెరిగి ప్రాణం మీదికొచ్చిందా, ఏ మందు పడదు, రాత్రి గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా, రెండు అంతస్తులు మెట్లెక్కితే ఆయాసం వస్తుందా. మెట్ల ప్రశ్న చిన్నగా అనిపిస్తుంది, గుండె ఎంత బరువు మోయగలదో ఆయనకి తెలిసేది దాని నుంచే.

తాగుడు సంగతి వేరేగా చెప్పాల, ఎందుకంటే మగవాళ్లు ఇక్కడే అబద్ధమాడతారు, పక్కన పెండ్లాం, కోడలు ఉంటే ఇంకా ఎక్కువ ఆడతారు. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో ఒక్కసారిగా మానేస్తే రెండో రోజో మూడో రోజో వణుకు, చెమటలు, పిచ్చిమాటలు మొదలైతాయి, కుట్లు ఇంకా పచ్చిగా ఉండగా మంచం దిగి పారిపోతారు. ముందే తెలిస్తే దానికి మందులు మొదలుపెడతారు. సిగ్గనిపిస్తే పక్కనున్న ఇంటోళ్లని బయటికి పంపమని డాక్టర్‌నే అడగండి, పంపుతాడు.

బీడీ, సిగరెట్ ఎంత ముందు మానితే అంత మంచిది. ఒక రోజు మానినా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గి ఆక్సిజన్ బాగా అందుతుంది, నాలుగు వారాలు మానితే ఊపిరితిత్తులకి, కుట్లు మానేదానికి నిజమైన లాభం. "ఎట్లాగూ ఒక్క వారమే ఉంది ఇంకేం లాభం" అనే లెక్క మాత్రం తప్పు.

ఇక మాత్రలు. ఇది అన్నిటికంటే చిక్కు, ఇక్కడ సొంత తెలివి అస్సలు వాడకూడదు. మొదటి పని, మీరు వాడే ప్రతి మందు స్ట్రిప్పుతో సహా ఒక కవర్‌లో వేసుకొని పీఏసీకి తీసుకపోండి, "తెల్ల మాత్ర ఒకటి, గులాబీ మాత్ర ఒకటి" అంటే ఏ డాక్టర్‌కీ అర్థం కాదు. రక్తం పల్చబడే మందులు, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి, మామూలుగా ఐదు రోజుల నుంచి వారం ముందు ఆపమంటారు, లేకుంటే ఆపరేషన్‌లో రక్తం ఆగదు. కానీ గుండెలో స్టెంట్ వేయించుకున్న మనిషి ఎవరో చెప్పినారని తనకి తానే ఆపేస్తే ఆ స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి గుండెపోటే రావొచ్చు. అందుకే గుండె డాక్టర్, సర్జన్, మత్తు డాక్టర్ ముగ్గురూ కలిసి ఏది ఆపాల, ఎప్పుడు ఆపాల, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాల అని చెప్పాల, అదీ కాగితం మీద రాయించుకోండి. ఆస్పిరిన్ అయితే కొందరికి ఆపకుండానే చేస్తారు.

షుగర్ మాత్రలు ఆపరేషన్ రోజు పొద్దున మామూలుగా వద్దంటారు, తిండి లేకుండా మాత్ర వేస్తే షుగర్ పడిపోతుంది కాబట్టి. ఇన్సులిన్ డోసు తగ్గిస్తారు, పూర్తిగా మానేది కాదు. కొత్త రకం మాత్రలు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని ఈమధ్య అందరికీ రాస్తున్నారు, వాటిని మాత్రం కనీసం 3 రోజుల ముందే ఆపాల, ఎందుకంటే అవి వేసుకొని ఉపవాసం ఉంటే షుగర్ నార్మల్‌గా కనపడుతూనే రక్తంలో ఆమ్లం పెరిగిపోవచ్చు, మీటర్ చూసి అంతా బాగుందనుకుంటారు. బరువు తగ్గేదానికి వేసుకునే సెమాగ్లూటైడ్ సూదులు కడుపు ఖాళీ అయ్యేదాన్ని నెమ్మది చేస్తాయి, పైన చెప్పిన ఎనిమిది గంటల లెక్క వాళ్లకి సరిపోకపోవచ్చు, అది కూడా చెప్పాల్సిందే. బీపీ మందుల్లో కొన్ని ఆ పొద్దున కూడా వేసుకోవాల, టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటివి ఒక రోజు ముందు ఆపమంటారు కొందరు. థైరాయిడ్ మాత్ర మామూలుగా వేసుకోవచ్చు.

నాటు మందుల దగ్గరికొద్దాం, మళ్లీ మా చిన్నమ్మ దగ్గరికి. వారం తర్వాత మళ్లీ చెకప్‌కి పోయినాం, ఈసారి మత్తు డాక్టర్ కొంచెం తీరిగ్గా ఉన్నాడు. ఆమె చెయ్యి పట్టుకొని తిప్పి చూసినాడు, చర్మం ఉల్లిపొరలాగ పల్చగా ఉంది, అక్కడక్కడ కమిలిన మచ్చలు. ముఖం చూసినాడు. "కీళ్ల నొప్పులకి ఏమన్నా వాడ్తావా అమ్మా" అన్నాడు. లేదనింది. "పొట్లం కానీ, పొడి కానీ, ఎవరన్నా ఇచ్చింది?" అన్నాడు. అప్పుడు చిన్నమ్మ నా వైపు చూసి, సంచి అడుగున చీర మడతలోంచి పేపర్ పొట్లాలు తీసింది, పదో పన్నెండో. సంతలో ఒకాయన అమ్ముతాడంట, రెండేండ్ల నుంచి రోజుకొకటి, వేసుకుంటే గంటలో మోకాళ్ల నొప్పి పోతాదంట. మొదటి చెకప్‌లో ఎందుకు చెప్పలేదమ్మా అంటే "అది మందు కాదు కదప్పా, ఆకుల పొడి" అనింది.

పొట్లం మీద ఏ పేరూ ఉండదు, లోపల ఏముందో అమ్మేవాడికీ తెలుసో లేదో. కానీ గంటలో నొప్పి తీసేసే ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండేది డాక్టర్లు చాలాసార్లు చూసిందే. రోజూ బయటి నుంచి స్టెరాయిడ్ పోతాంటే మన ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోతుంది, కిడ్నీల పైన ఉండే గ్రంథులు నిద్రపోతాయి. మామూలు రోజుల్లో తేడా తెల్దు. ఆపరేషన్ లాంటి దెబ్బ తగిలినప్పుడు ఒంటికి మామూలుకంటే ఎక్కువ స్టెరాయిడ్ కావాల, అప్పుడు గ్రంథి పలకదు, బీపీ పడిపోతుంది, ఎన్ని మందులిచ్చినా లేవదు. మత్తు డాక్టర్ చిన్నమ్మకి కార్టిసాల్, అంటే ఒంట్లో తయారయ్యే ఆ స్టెరాయిడ్, రక్తంలో ఎంతుందో చూసే టెస్ట్ రాసినాడు, అది నిజంగానే తక్కువొచ్చింది. ఆపరేషన్ టైంలో స్టెరాయిడ్ సూది ఇచ్చి కాపాడుకోవాలని షీట్ మీద రాసుకున్నాడు. పొడి ఒక్కసారిగా ఆపేది కూడా ప్రమాదమే కాబట్టి దాన్ని ఎట్ల తగ్గించాలో వేరే డాక్టర్‌కి రాసినాడు. అర గ్లాసు టీ తాగకపోయుంటే ఈ పొట్లాలు సంచిలోనే ఉండేవి, అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కాబట్టి ఆయుర్వేదం, హోమియో, కషాయాలు, వెల్లుల్లి గుళికలు, చేప నూనె, జిమ్ పొడులు, ఆర్ఎంపీ ఇచ్చే సూదులు, అన్నీ చెప్పండి. కొన్ని రక్తం పల్చబరుస్తాయి, రెండు వారాల ముందే ఆపమంటారు.

ఆపరేషన్ అర్జెంటు కాకపోతే ఆ టైమ్‌ని వాడుకోవచ్చు. మూడు నెలల షుగర్ టెస్ట్ 8 లేదా 8.5 పైన ఉంటే చాలామంది డాక్టర్లు ముందు షుగర్ దించుకొని రమ్మంటారు, లేకుంటే కుట్లు మానవు, చీము పడుతుంది. హిమోగ్లోబిన్ తక్కువుంటే అదే కథ, మన ఆడవాళ్లలో 8, 9తో తిరిగేవాళ్లు ఎంతమందో. ఐరన్ మాత్రలతో పెరగడానికి వారాలు పడుతుంది, టైం లేకుంటే నరంలోకి ఐరన్ ఎక్కిస్తారు. దీనికి ఆపరేషన్ ముందురోజు రక్తం ఎక్కించేసుకుంటే సరిపోతుందనే ఆలోచన సోమరి ఆలోచన.

రక్తం అవసరం పడే ఆపరేషన్ అయితే బ్లడ్ బ్యాంక్‌లో ముందే మాట్లాడుకోండి, ఇచ్చే మనిషికి 18 ఏండ్లు నిండాల, 45 కిలోలన్నా ఉండాల, హిమోగ్లోబిన్ 12.5 ఉండాల. డబ్బుకి రక్తమిచ్చేవాళ్లని 1998 నుంచి దేశంలో నిషేధించినారు, ఆసుపత్రి గేట్ దగ్గర ఎవరైనా "నేను చూస్కుంటా" అంటే దూరం జరగండి.

కాగితాల పని. ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు, 2007 ఏప్రిల్‌లో, మొదటి మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, మళ్లీ మారింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవే అయింది, మనం మాత్రం ఆరోగ్యశ్రీ అనే అంటాం. ముందే డేట్ ఇచ్చిన ఆపరేషన్ అయితే ఆసుపత్రి ముందు ఆన్‌లైన్‌లో పెట్టి అప్రూవల్ తెచ్చుకోవాల, దానికి టైం పడుతుంది, అందుకే కార్డు, ఆధార్ తీసుకొని ఆసుపత్రిలో ఈ పథకం హెల్ప్ డెస్క్ చూసుకునే మిత్ర దగ్గరికి డేట్ ఖాయం కాకముందే పోండి. ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు డిపాజిట్ కట్టేముందు క్యాష్‌లెస్ అప్రూవల్ ఎంతవరకు వచ్చింది, ఏది మన చేతి నుంచి పడుతుంది అని రాతపూర్వకంగా అడగండి. 2024లో బీమా నియంత్రణ సంస్థ పెట్టిన రూల్ ప్రకారం క్యాష్‌లెస్ రిక్వెస్ట్‌కి గంటలో జవాబు చెప్పాల, డిశ్చార్జ్ అప్పుడు మూడు గంటల్లో తేల్చాల.

సంతకం గురించి. ఒప్పుకోలు ఫారం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో ఇవ్వమనండి, లేకుంటే చదివి చెప్పమనండి. ఏం చేస్తారు, చేయకుంటే ఏమైతుంది, ఇంకో దారి ఉందా, చిన్న రంధ్రాల ద్వారా మొదలుపెట్టి మధ్యలో పెద్దగా కోయాల్సి రావొచ్చా, ఇవి అడిగినాకనే సంతకం. మేజర్ అయిన, తెలివిలో ఉన్న పేషెంట్ సంతకం పేషెంటే పెట్టాల, మొగుడో కొడుకో కాదు. 2008లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, ఒక పరీక్ష కోసం మత్తులో ఉన్నామె దగ్గర ఒప్పుకోలు లేకుండా వాళ్ల అమ్మ సంతకంతో గర్భసంచి తీసేసిన కేసులో, ప్రాణాపాయం కానప్పుడు అలా చేయకూడదని. మన ఇండ్లలో ఆడవాళ్లని బయట కూర్చోబెట్టి మగవాళ్లు లోపల మాట్లాడి వస్తారు, కడుపు కోయించుకునేది ఆమె.

ముందురోజు రాత్రి, ఆ పొద్దున సబ్బుతో తలారా స్నానం. ఆపరేషన్ చోట ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు గీక్కోవద్దు, కంటికి కనపడని గాట్లు పడి అక్కడే క్రిములు చేరతాయి, అవసరమైతే వాళ్లే క్లిప్పర్‌తో తీస్తారు. గోర్ల రంగు తీసేయండి, గోరింటాకు ఆ వారం వద్దు, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ కొన్నిసార్లు తప్పు చూపిస్తుంది. కట్టుడు పండ్లు, కమ్మలు, ఉంగరాలు, మెట్టెలు ఇంట్లోనే పెట్టి రండి.

తాళి దగ్గర మాత్రం ప్రతి వార్డులో ఒక చిన్న యుద్ధం జరుగుతుంది. లోపల రక్తనాళాలు కాల్చే మెషిన్ కరెంటుతో పనిచేస్తుంది, ఒంటి మీద లోహం ఉంటే అక్కడ కాలే ప్రమాదం, పైగా మెడ దగ్గర ట్యూబ్ పనికి అడ్డం. చిన్నమ్మ మొదట ససేమిరా అనింది. పక్క మంచం మీద ఎమ్మిగనూరు అవ్వ ఒకామె, తన మెడలో పసుపు దారం చూపించి "నేను రాత్రే మార్చుకుంటి, పసుపుకొమ్ము కట్టుకో, అది తాళి కాదా యేందే" అనింది. నేను అరగంట చెప్పింది పారలేదు, ఆమె ఒక్క మాట పారింది.

థియేటర్ బయట, లోపల కలిపి పేరు, ఏ ఆపరేషన్, ఏ పక్క అని నాలుగైదుసార్లు అడుగుతారు. "ఇన్నిసార్లా, మీకే తెల్దా" అని విసుక్కోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చెక్‌లిస్ట్ ఒకటి తెచ్చింది, ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో అది వాడి చూస్తే చావులు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గినాయి. కన్ను, మోకాలు, హెర్నియా లాంటి రెండు పక్కలుండే ఆపరేషన్ అయితే ఏ పక్కో పెన్నుతో గుర్తు పెట్టించుకొని లోపలికి పోండి.

ఇంట్లో కూడా తయారు కావాల. మోకాలి ఆపరేషన్ అయితే కింద కూర్చునే దొడ్డి పనికిరాదు, కమోడ్ కుర్చీ ముందే తెచ్చి పెట్టండి. ఊపిరి కసరత్తుకి మూడు బంతులుండే బొమ్మ ఒకటి ఇస్తారు కదా, దాన్ని ఆపరేషన్ తర్వాత నేర్చుకునేది కాదు, నొప్పి లేనప్పుడే వారం ముందు నుంచి పీల్చేది అలవాటు చేసుకుంటే తర్వాత నిమ్ము చేరే ప్రమాదం తగ్గుతుంది. రోజూ అరగంట నడవండి. ఇక పత్యం. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వద్దు, బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, అసలే వద్దు అని చారన్నం మీద పెట్టేస్తారు, గాయం మానాల్సిన ఒంటికి మాంసకృత్తులే లేకుండా చేసి. చీము పడేది క్రిములతో, పప్పుతో కాదు. మీ డాక్టర్ ప్రత్యేకంగా వద్దంటే తప్ప సంగట్లోకి పప్పు, ఒక గుడ్డు, మజ్జిగ పెట్టండి.

రెండోసారి పోయినప్పుడు సిస్టర్ అడగకముందే చిన్నమ్మ మొదలుపెట్టింది, "రాత్రి ఎనిమిదికి రెండు ఇడ్లీలు, పొద్దున ఐదుకి గ్లాసు నీళ్లు, టీ లేదు, పొట్లం సంగతి పెద్ద డాక్టర్‌కి చెప్పినా" అని. చిన్నాయనని ఆ పొద్దున నేనే కిందికి పంపి గేట్ దగ్గర కూర్చోబెట్టినా. ఆపరేషన్ గంటలో అయిపోయింది. రూముకి తెచ్చినాక కళ్లు తెరిచి మొదట అడిగింది టీ. ఇంకో నాలుగు గంటలు ఏమీ వద్దు, తర్వాత కూడా ముందు నీళ్లే అనింది సిస్టర్. చిన్నమ్మ నన్ను దగ్గరికి పిలిచి గుసగుసగా చెప్పింది, "పాలు లేకుండా ఐతే ఇప్పుడే తాగొచ్చా అడుగుపో" అని.